పులికాట్‌లో అతిథులను పడవ ఎక్కించే ముందు

పులికాట్ ఒడ్డున బస నడిపేవారికి అక్టోబరు నుంచి మార్చి దాకా తీరిక ఉండదు. ఫ్లెమింగోల కోసం వచ్చినవారిని తెల్లవారుజామున సరస్సులోకి పంపే ముందు ఇవి చూసుకోండి.

- అభయారణ్యం పరిధిలోకి వెళ్తుంటే అటవీశాఖ అనుమతి.

- ముందురోజు సాయంత్రమే వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. డిసెంబరు వరకు తుఫానుల భయం ఉంటుంది. ఆకాశం తేటగా ఉన్నా, స్థానిక జాలరి వద్దంటే మానేయండి. అప్పుడు డబ్బు వాపసు ఇస్తామని గది ఇచ్చేటప్పుడే చెప్పాలి.

- లైఫ్ జాకెట్ల పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూడండి. నీళ్లు చాలాచోట్ల నడుములోతు కూడా ఉండవు కదా అని అతిథులు వాదిస్తారు. ఒప్పుకోవద్దు. బురదలో కాలు కూరుకుంటే ఈత వచ్చినవారికీ కష్టమే. పిల్లల కొలతవి లేకపోతే పిల్లలను ఎక్కించకండి.

- తాగునీరు, టోపీలు.

- పక్షులకు దూరంగా ఆగాలని పడవ నడిపేవారికి గట్టిగా చెప్పండి. మేస్తున్న గుంపు తలలెత్తి ఒకవైపు కదిలితే, అప్పటికే మరీ దగ్గరికి వెళ్లినట్టు. ఫొటో కోసం వాటిని లేపడం క్రూరత్వం. డ్రోన్లు గదిలోనే ఉండాలి.

- ఎవరెవరు ఎక్కారో, ఎన్నింటికి తిరిగి రావాలో రాసిన కాగితం ఒడ్డున ఉన్నవారికి ఇవ్వండి.