చెమటే చలికి మూలం: నా అనుభవం

జింకల వేటకు వెళ్లిన మొదటి చలికాలమంతా, మంచెపై కూర్చున్న అరగంటకే వణికిపోయేవాడిని. బట్టలు చాలడం లేదనుకుని మరో పొర తొడిగితే వణుకు ఇంకా పెరిగింది. ఒకనాడు కోటు విప్పి చూస్తే, లోపలి నూలు బనియను పిండితే నీరు కారేంత తడిగా వీపుకు అతుక్కుపోయి ఉంది. నడకలో పట్టిన చెమటే కూర్చున్నాక చలి పుట్టిస్తోందనీ, జింకలు పసిగట్టే వాసనకూ అదే తోడవుతోందనీ అప్పుడు బోధపడింది.

ఇప్పుడు పలుచని ఉన్ని బనియనుతో, కాస్త చలి వేస్తుండగానే నెమ్మదిగా నడిచి, వీపుసంచికి కట్టుకెళ్లిన దళసరి కోటును ఒళ్లు ఆరాకే తొడుక్కుంటున్నాను. బట్టలను పరిమళం లేని సబ్బుతోనే ఉతుకుతాను గానీ, వాసనను పూర్తిగా పోగొడతామనే స్ప్రేలపై నాకు నమ్మకం లేదు. చిటికెడు పొడి వదిలి గాలి వాటం చూసుకుని, జింకలు తిరిగే దారికి గాలి దిగువన, అంటే గాలి అటునుంచి నా వైపు వీచే చోట కూర్చోవడమే మేలు. బిగుతు బూటులో రెండు జతల మేజోళ్లు వేళ్లను నొక్కి మరింత చల్లబరిచాయి. ఒక్క ఉన్ని జత చాలింది.