ఇంగ్లిష్ లిజనింగ్ పరీక్షలో నోట్స్ ఎలా రాసుకోవాలి?

ఒంగోలులోనో నెల్లూరులోనో ఉండి ఐఈఎల్‌టీఎస్‌కు (విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) తయారయ్యేవాళ్లు, విని జవాబులు రాసే లిజనింగ్‌లో పోగొట్టుకునే మార్కులన్నీ ఇంగ్లిష్ రాక పోయేవి కావు. ఒక మాట పూర్తిగా రాద్దామని తల వంచుకుంటే, ఈలోపు తర్వాతి జవాబు దాటిపోతుంది. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. 4 భాగాలు, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాలు.

1. ఆడియో మొదలయ్యేలోపు ప్రశ్నలు చదువుకోవడానికి కొద్ది సెకన్లు ఇస్తారు. ప్రతి ఖాళీ పక్కన అక్కడ ఏం రావాలో చిన్నగా రాసుకోండి: అంకెకు 'అం', పేరుకు 'పే'. 'రెండు పదాలకు మించకూడదు' అని ఉంటే దాని కింద గీత గీయండి. మూడు రాస్తే, సరైన జవాబు అందులో ఉన్నా మార్కు రాదు.

2. వినేటప్పుడు పేర్లు, అంకెలు, తేదీలు, 'బట్' తర్వాత వచ్చే మాట మాత్రమే రాయండి. 'ఈజ్', 'ద' లాంటివి వద్దు. పెరిగితే పైకి బాణం, తగ్గితే కిందికి బాణం చాలు.

తెలియని మాట వినపడితే తెలుగు లిపిలో రాసేయండి. ఎవరూ చూడరు, చెవికి తగిలిన శబ్దం పోకుండా నిలుస్తుంది. స్పెల్లింగ్ తర్వాత ఆలోచించవచ్చు. ఒక్క జాగ్రత్త: 'వి'కీ 'డబ్ల్యూ'కీ తెలుగులో 'వ' ఒక్కటే, 'జె'కీ 'జెడ్'కీ 'జ' ఒక్కటే. అనుమానం ఉన్న అక్షరం కింద చుక్క పెట్టుకోండి.

3. అక్షరాలు విడివిడిగా చెబితే మాత్రం నేరుగా ఇంగ్లిష్‌లోనే రాయాలి. మనవాళ్లు తడబడేది 'ఎ, ఇ, ఐ' దగ్గర, 'జి, జె' దగ్గర. 'డబుల్ ఎల్' అంటే రెండు ఎల్‌లు. ఇంట్లో సాధనకు బస్సు బోర్డుల మీద ఉండే పేర్లే చాలు: వెంకటగిరి, పొదిలి, మార్కాపురం. ఒకరు ఆగకుండా అక్షరాలు చదవాలి, మీరు రాయాలి.

4. 'థర్టీన్'లో చివరి 'న్' కోసం చెవి పెట్టండి. అది లేకపోతే 30.

5. మాట్లాడేవాళ్లు 'సారీ', 'యాక్చువల్లీ' అన్నారంటే ముందు చెప్పింది మారబోతోంది. పాతది కొట్టేసి పక్కన కొత్తది రాయండి. దాని మీదే దిద్దితే అది మూడా, ఎనిమిదా అన్నది చివరికి మీకే తెలియదు.

6. ఒకటి తప్పిపోతే గీత పెట్టి ముందుకు వెళ్లండి. నాలుగో భాగంలో మధ్యలో విరామం ఉండదు. అక్కడ ఒకదాని కోసం ఆగితే మూడు పోతాయి.

7. కాగితం పరీక్షలో జవాబులు ఆన్సర్ షీట్‌లోకి ఎక్కించడానికి చివర 10 నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్‌లో సరిచూసుకోవడానికి 2 నిమిషాలే, కాబట్టి అక్కడ వింటూనే టైప్ చేయాలి. చివరి 'ఎస్' వదిలేసినా, స్పెల్లింగ్ తప్పినా మార్కు పోతుంది. తప్పుకు మార్కు కోయరు గనుక ఏ ఖాళీనీ అలాగే వదలకండి.