అమెరికాలో పిల్లల నవలా రచయిత కావాలంటే: తొలిప్రతి నుంచి రెండో పుస్తకం దాకా

ముందు వయసు లెక్క తేల్చుకోండి. 8 నుంచి 12 ఏళ్ల పిల్లల నవలను అమెరికాలో మిడిల్ గ్రేడ్ అంటారు. మామూలు కథయితే 30 వేల నుంచి 50 వేల పదాలు చాలు. పిల్లలు తమకంటే కాస్త పెద్దవాళ్ల కథలే ఇష్టంగా చదువుతారు కాబట్టి ముఖ్యపాత్రకు 11, 12 ఏళ్లు ఉండాలి. 14 పెట్టారా, ఆ పుస్తకాన్ని ఏ అరలో సర్దాలో దుకాణంవాళ్లకే తెలియదు.

మన ఊరి జ్ఞాపకాలతో రాసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది గొంతు దగ్గర. "అమ్మమ్మగారింట్లో గడిపిన ఆ వేసవులు ఎంత హాయో!" అనేది నలభై ఏళ్ల మనిషి మాట. "సంచిలో ఒక్క చెప్పే ఉంది. రెండోది బస్సులో ఉండిపోయింది. అమ్మమ్మకి ఇంకా చెప్పలేదు." ఇది పదకొండేళ్ల పిల్ల మాట. చెప్పు ఏమవుతుందో చూద్దామని పేజీ తిప్పుతారు. ఇంగ్లీషులో రాసినా అమ్మమ్మను అమ్మమ్మగానే ఉంచండి, పక్కన అర్థం అక్కర్లేదు.

అమెరికన్ పిల్లల రచయిత్రి కేట్ డికామిలో పుస్తకాల గోదాములో ఉద్యోగం చేస్తూ, పనికి వెళ్లేముందు రోజుకు రెండు పేజీలు రాసేవారు. ఆమె తొలి నవల 2000లో వచ్చింది. రెండు పేజీలంటే సుమారు 500 పదాలు. ఆ లెక్కన 40 వేల పదాల తొలిప్రతి 80 రోజుల పని. తిరగరాయడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, పడనివ్వండి.

పెద్ద ప్రచురణకర్తలు చాలావరకు ఏజెంటు, అంటే రచయిత తరఫున పుస్తకాన్ని అమ్మిపెట్టే మనిషి, ద్వారా వస్తేనే చూస్తారు. నవల పూర్తయ్యాకే ఏజెంట్లకు క్వెరీ లెటర్, అంటే పుస్తకాన్ని పరిచయం చేసే ఉత్తరం, పంపండి. అది ఒక్క పేజీ దాటకూడదు. పాఠకుల వయసు, పదాల సంఖ్య, పాత్రకు ఏం కావాలి, ఏది అడ్డు, ఓడితే ఏం పోతుంది, ఈ మధ్య వచ్చిన పుస్తకాల్లో మీదానికి దగ్గరగా ఉన్న రెండు, మీ గురించి రెండు వాక్యాలు రాస్తే సరి. "మా పిల్లలకు తెగ నచ్చింది" అని రాయకండి, అది ఎవరినీ ఒప్పించదు. బొమ్మలు డబ్బిచ్చి వేయించకండి, చిత్రకారులను ప్రచురణకర్తే ఎంచుకుంటారు. ఒక్కసారిగా అందరికీ కాకుండా విడతకు ఎనిమిది, పది మందికి పంపండి. ఒక్కరూ పేజీలు అడగకపోతే లోపం ఉత్తరంలోనో తొలి పేజీల్లోనో ఉన్నట్టు. మొత్తం తెప్పించుకుని వద్దంటుంటే కథ నడక చూసుకోవాలి. చదవడానికే ఫీజు అడిగేవాళ్ల జోలికి వెళ్లొద్దు. ఏజెంటుకు వచ్చేది మీ సంపాదనలో 15 శాతం.

ఇక డబ్బు. ప్రచురణకర్త ఇచ్చే అడ్వాన్సు 12,000 డాలర్లు, నాలుగు వాయిదాలు అనుకుందాం. సంతకం నాడు వచ్చే 3,000లో ఏజెంటుకు 450 పోగా మీ చేతికి 2,550, అదీ పన్నుకు ముందు. 17.99 డాలర్ల హార్డ్‌కవర్ మీద కాపీకి 10 శాతం రాయల్టీ (రచయిత వాటా) అయితే, ఆ వాటాల్లోంచి అడ్వాన్సు తీరడానికి దాదాపు 6,670 కాపీలు అమ్ముడవ్వాలి. ఆ తర్వాతే కొత్త డబ్బు. అమ్ముడుపోకపోతే అడ్వాన్సు వెనక్కివ్వక్కర్లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. ముఖ్యంగా రచయితగా బడులకు వెళ్లి మాట్లాడి ఫీజు తీసుకోవడం ఉద్యోగం కిందికి రావచ్చు.

ప్రచురణకర్తతో ఒప్పందంలో రెండు చోట్ల పట్టుబట్టండి. మీ తర్వాతి రచన ముందు వాళ్లకే చూపాలనే షరతు ఒక్క మిడిల్ గ్రేడ్ నవలకే పరిమితం కావాలి, జవాబుకు గడువుండాలి. హక్కులు మీకు తిరిగొచ్చే షరతును ఏడాది అమ్మకాల సంఖ్యకు కట్టించండి. లేకపోతే ఈ-బుక్ ఇంకా దొరుకుతోందన్న సాకుతో, అమ్మకాలు ఆగిన పుస్తకం వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

సంతకం నుంచి దుకాణం దాకా ఏడాదిన్నర, రెండేళ్లు పట్టడం మామూలే. ఆ ఖాళీలో సీక్వెల్ మొదలుపెట్టకండి. మొదటిది అమ్ముడుపోకపోతే సీక్వెల్‌ను అడిగేవాళ్లుండరు. వేరే పిల్లతో, వేరే కథ రాయండి.