పక్క గదిలోకి వెళ్లి, ఎందుకొచ్చామో మర్చిపోతుంటే

అరవై దాటాక నాకు రోజూ ఎదురయ్యే చికాకు ఇది. కత్తెర కోసం పక్క గదిలోకి వెళ్తాను, గడప దాటేసరికి ఎందుకొచ్చానో గుర్తుండదు. మడతపెట్టని బట్టలు కనిపిస్తే వాటితో కూర్చుంటాను. అరగంట తర్వాత, సగం విప్పిన పార్సిల్ కంటపడితే గానీ కత్తెర గుర్తురాదు.

ఈమధ్య ఒక పని చేస్తున్నాను, బాగా ఉపయోగపడుతోంది. లేచే ముందు "కత్తెర, పార్సిల్ విప్పడానికి" అని రెండుసార్లు పైకే అంటాను. ఏం కావాలో ఒక్కటే కాదు, ఎందుకో కూడా అనాలి. తర్వాత ఆ పనికి సంబంధించింది ఏదో ఒకటి చేత్తో పట్టుకెళ్తాను. పార్సిల్ మీద ఊడిన టేపు ముక్క అయినా చాలు. దారిలో ఏం కనిపించినా, వేళ్లకి అంటుకున్న ఆ ముక్క అసలు పని గుర్తుచేస్తుంది. పట్టుకెళ్లడానికి ఏమీ లేకపోతే వాచీ కుడిచేతికి మార్చుకుంటాను, పనయ్యాకే మళ్లీ ఎడమచేతికి.

మధ్యలో ఫోన్ మోగితే మాత్రం ఇది పనిచేయదు. మాట్లాడుతూ చేతిలోది ఎక్కడో పెట్టేస్తాం. అందుకే ముందు పని ముగించి, తర్వాత నేనే తిరిగి ఫోన్ చేస్తాను. స్టవ్ మీద గిన్నె ఉన్నప్పుడు, మందుల విషయంలో దీన్ని అస్సలు నమ్ముకోకండి. స్టవ్‌కి టైమర్, మందులకి ఏడు గళ్ల డబ్బా ఉండాల్సిందే.