కొండ వచ్చినా బరువెక్కని స్మార్ట్ ట్రైనర్: నా అనుభవం

విజయనగరంలో ఎండలు ముదిరాక రామతీర్థం రోడ్డు మీద సైక్లింగ్ నావల్ల కాదు. అందుకే ఇంట్లో స్మార్ట్ ట్రైనర్ పెట్టుకున్నాను: సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కే, యాప్ చెప్పినట్టు పెడల్ బరువు పెంచే యంత్రం. నాది వెనక టైరు రోలర్‌కి ఆనుకుని తిరిగే రకం.

ఉన్నట్టుండి జ్విఫ్ట్‌లో (తెర మీద రోడ్లు, కొండలు చూపించే సైక్లింగ్ యాప్) ఎంత ఎత్తు ఎక్కినా పెడల్ తేలిగ్గానే తిరుగుతోంది. వాట్లు, అంటే నేను తొక్కే శక్తి, మాత్రం సరిగ్గానే కనిపిస్తున్నాయి. ఇదే తికమక పెట్టే సంగతి: వాట్లు వచ్చేది నా క్రాంక్‌కున్న (పెడల్ బిగించే కడ్డీ) పవర్ మీటర్ నుంచి, ట్రైనర్ నుంచి కాదు. పరికరాలను జ్విఫ్ట్‌కి కలిపే పెయిరింగ్ స్క్రీన్ తెరిస్తే రెసిస్టెన్స్ (పెడల్ బరువు) దగ్గర ఖాళీ. వెతికినా ట్రైనర్ దొరకలేదు. ఫోన్‌లో ట్రైనర్ కంపెనీ యాప్ వెనకాల నడుస్తూ బ్లూటూత్‌ని పట్టుకుని కూర్చుంది. చాలా ట్రైనర్లు బ్లూటూత్‌లో ఒకసారికి ఒక్కరి మాటే వింటాయి. ఆ యాప్‌ని పూర్తిగా మూసి, ట్రైనర్ ప్లగ్ తీసి మళ్లీ పెట్టాను. వెంటనే దొరికింది.

అయినా గట్టిగా తొక్కినప్పుడు రోలర్ మీద ఇంకా జారుతోంది. అది టైరు పని. గాలి నింపి, రోలర్ మీద చెమట, రబ్బరు పొడి తుడిచి, పది నిమిషాలు తొక్కి వేడెక్కాక స్పిన్‌డౌన్ కాలిబ్రేషన్ (వేగం పెంచి తొక్కడం ఆపితే, చక్రం నెమ్మదించే సమయాన్ని బట్టి ట్రైనర్ లెక్క సరిచేసుకోవడం) చేశాను. చల్లగా ఉన్నప్పుడు చేస్తే లెక్క తప్పుతుంది.

ఇంకా కొండలు తేలిగ్గా అనిపిస్తే రిపేరుకి పరిగెత్తకండి. జ్విఫ్ట్‌లో కొండ వాలు కాళ్లకి ఎంత తెలియాలో చెప్పే ట్రైనర్ డిఫికల్టీ సెట్టింగ్ మామూలుగా 50 శాతం దగ్గరే ఉంటుంది, అంటే 10 శాతం ఎత్తు కాళ్లకి 5 శాతంలా తెలుస్తుంది. నేనైతే పెంచలేదు, మోకాళ్లు నావే కదా!

కరెంటు పోయి వస్తే మాత్రం పెయిరింగ్ మళ్లీ చూసుకోవాలి.