స్ప్లాష్ ప్యాడ్‌కి బయల్దేరే ముందు అక్కడి నీళ్ళ సంగతి కనుక్కోండి

మే నెలాఖరులో మెమోరియల్ డే వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో స్ప్లాష్ ప్యాడ్‌లు తెరుచుకుంటాయి. చాలావాటికి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా సీజన్. సిటీ పార్కుల్లో ఉండేవాటికి టికెట్ ఉండదు, లోతు ఉండదు, రెండేళ్ళ పిల్ల కూడా నేలలోంచి చిమ్మే నీళ్ళలో హాయిగా గెంతుతుంది. అందుకే మనవాళ్ళలో చాలామంది వాటర్ పార్కు అంటే వంద జాగ్రత్తలు చెప్తారు గానీ, స్ప్లాష్ ప్యాడ్‌కైతే ఒక టవల్ పట్టుకుని బయల్దేరిపోతారు.

మునిగిపోయే భయం వరకు అది సరే. నోట్లోకి, ముక్కులోకి పోయే నీళ్ళ సంగతికొస్తే మాత్రం నేను స్ప్లాష్ ప్యాడ్‌నే ఎక్కువ అనుమానిస్తాను. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2024లో ఇచ్చిన లెక్క చూడండి. 1997 నుంచి 2022 దాకా స్ప్లాష్ ప్యాడ్‌ల వల్ల 60 సార్లు జబ్బులు ప్రబలాయి. 10,611 మందికి అంటుకున్నాయి, 152 మంది ఆసుపత్రిలో చేరారు. అందులో సింహభాగం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవిది. అందరూ క్రిప్టో అంటారు. నీళ్ళ విరేచనాలు పట్టుకుని ఒకటి రెండు వారాలు వదలవు.

ఎందుకలా? ఈ నీళ్ళు గాల్లోకి తుంపరలుగా చిమ్ముతాయి కాబట్టి క్లోరిన్ త్వరగా ఎగిరిపోతుంది. కింద పడ్డ నీళ్ళు నేలమీది దుమ్మునీ, పిట్టల రెట్టల్నీ, డైపర్లలోంచి జారినదాన్నీ కడుక్కుంటూ కాలవలోకి పోతాయి. అసలు ప్రశ్న అక్కడుంది. ఆ నీళ్ళు అటునుంచి ఎక్కడికి పోతున్నాయి? కొన్నిచోట్ల కుళాయి నీళ్ళే ఒకసారి చిమ్మి డ్రెయిన్‌లోకి వదిలేస్తారు. నీళ్ళు వృథా అనిపిస్తుంది గానీ పిల్లలకి అదే మేలు. మిగతాచోట్ల నేలకింద ట్యాంకులోకి చేరి, వడపోసి, క్లోరిన్ కలిపి, మళ్ళీ మన పిల్లల మీదకే వస్తాయి. ఇలా తిప్పే పద్ధతిలో అల్ట్రావయొలెట్ (యూవీ) దీపం కూడా ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం. మామూలుగా కలిపే మోతాదు క్లోరిన్‌లో క్రిప్టో వారం దాటి కూడా బతుకుతుంది, యూవీ కాంతికి మాత్రం లొంగుతుంది. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా లేక్ స్టేట్ పార్కులో వేలమందికి జబ్బు చేశాకే, అక్కడ ఇలాంటి చోట్ల యూవీ తప్పనిసరి చేశారు.

కాబట్టి దగ్గర్లో స్ప్లాష్ ప్యాడ్ ఎక్కడుందని వెతికేటప్పుడు మ్యాప్‌లో నక్షత్రాలు చూసి ఆగిపోవద్దు. నీడ ఉందా, రెస్ట్‌రూమ్ ఉందా అన్నది రివ్యూల్లో దొరుకుతుంది గానీ నీళ్ళ సంగతి దొరకదు. మీ సిటీ పార్క్స్ అండ్ రిక్రియేషన్ వాళ్ళ పేజీలో జాబితా, వేళలు, శుభ్రం చేయడానికి మూసే రోజు ఉంటాయి. కరువు ఆంక్షలు పెట్టిన ఏడాది కొన్నిటిని అసలు తెరవరు. ఆ పేజీలో ఉన్న నంబరుకి ఫోన్ చేసి మూడు మాటలు అడగండి: నీళ్ళు ఒకసారికేనా, తిప్పుతారా? యూవీ ఉందా? క్లోరిన్ రోజుకి ఎన్నిసార్లు చూస్తారు? విసుక్కోకుండా టకటకా చెప్పారంటే అదే ఒక మంచి సర్టిఫికెట్. ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు కొత్త కమ్యూనిటీల్లో ఉండేవాళ్ళు ఇవే ప్రశ్నలు తమ హెచ్‌ఓఏని (ఇళ్ళ యజమానుల సంఘాన్ని) కూడా అడగాలి. అక్కడ నీళ్ళు చూసేది కాంట్రాక్టు కంపెనీ. లాగ్ బుక్ చూపించమని అడిగే హక్కు ఫీజు కట్టే మీకు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

అనుమానం తీరకపోతే హోమ్ డిపోలోనో వాల్‌మార్ట్‌లోనో పూల్ టెస్ట్ స్ట్రిప్స్ దొరుకుతాయి. చిమ్మే నీళ్ళలో ముంచి రంగు చూడటమే. క్లోరిన్ కనీసం 1 పీపీఎం, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. పక్కవాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఆర్లింగ్టన్ సంగతి చెప్పకుండా ఈ ఊళ్ళలో స్ప్లాష్ ప్యాడ్ గురించి రాయలేం. 2021 సెప్టెంబరులో అక్కడి డాన్ మైసెన్‌హైమర్ పార్కు స్ప్లాష్ ప్యాడ్‌లో ఆడుకున్న ఒక చిన్న పిల్లవాడు నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా సోకి చనిపోయాడు. నీళ్ళ పరీక్షలు రోజూ సరిగ్గా చేయలేదని విచారణలో తేలింది. ఈ జబ్బు అత్యంత అరుదు, దేశం మొత్తం మీద ఏడాదికి పది కేసులు కూడా ఉండవు. క్లోరిన్ సరిగ్గా ఉంటే ఈ అమీబా బతకదు. మింగితే ఏమీ కాదు, ముక్కులోకి బలంగా నీళ్ళు పోతేనే ప్రమాదం. భయంతో ఇంట్లో కూర్చోమని కాదు, పిల్లలు జెట్ (నేలలోంచి నీళ్ళు చిమ్మే రంధ్రం) మీద మొహం పెట్టకుండా చూడమని చెప్తున్నా. కాసేపు గమనించండి, నాలుగేళ్ళ లోపు పిల్లలు మూడే పనులు చేస్తారు. జెట్ మీద కాలు పెట్టి నీళ్ళు ఆపుతారు, లేదా దానిమీద కూర్చుంటారు, లేదా వంగి నోరు తెరుస్తారు. మొదటిది ఆట. మిగతా రెండూ ఆపించాల్సినవి.

డైపర్ల మాట. స్విమ్ డైపర్ గట్టిదాన్ని ఆపుతుంది గానీ విరేచనాల్ని, క్రిముల్ని ఆపదు. గంటకోసారి చూడండి, మార్చేది రెస్ట్‌రూమ్‌లో మార్చండి, బెంచీ మీద కాదు. పెద్దపిల్లల్ని కూడా గంటకోసారి బాత్‌రూమ్‌కి తిప్పండి. పిల్లకి మోషన్స్ అవుతుంటే ఆ వారం నీళ్ళ ఆట బంద్, అంతే. క్రిప్టో అని తేలితే మోషన్స్ ఆగిన తర్వాత కూడా రెండు వారాలు దిగకూడదు. ఇది మనకి మరీ ముఖ్యం. జూన్‌లో ఇండియా వెళ్ళి జులై చివర్లో తిరిగొచ్చే కుటుంబాలెన్నో. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పొట్ట పాడైన పిల్లాణ్ణి, జెట్‌లాగ్ తీరకముందే పుట్టినరోజు పార్టీ అని స్ప్లాష్ ప్యాడ్‌కి తీసుకొస్తే, పార్టీకొచ్చిన పిల్లలందరికీ రిటర్న్ గిఫ్ట్‌తో పాటు అదీ అందుతుంది.

నీళ్ళలోకి దిగేముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబెట్టండి. తలకి కొబ్బరినూనె రాసుకుని రావద్దని అత్తయ్యలకి ముందే చెప్పుకోవాలి. ఒంటి జిడ్డు, చెమట, మూత్రం కలిసినకొద్దీ క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది, క్రిముల మీద పనిచేయడానికి మిగలదు. ‘పూల్ వాసన’ గుప్పుమని వస్తోందంటే బాగా క్లోరిన్ వేశారని మురిసిపోకండి. అది క్లోరిన్ ఈ మురికితో కలిసి పుట్టించిన వాసన.

ఇక వాటర్ పార్కులు. ఆర్లింగ్టన్‌లో హరికేన్ హార్బర్, నార్త్ రిచ్‌ల్యాండ్ హిల్స్ సిటీ నడిపే ఎన్‌ఆర్‌హెచ్2ఓ, ఎండ పడనివాళ్ళకి గ్రాండ్ ప్రేరీలో కప్పు కింద ఉన్న ఎపిక్ వాటర్స్, రాత్రి ఉండాలంటే గ్రేప్‌వైన్‌లో గ్రేట్ వుల్ఫ్ లాడ్జ్. ఎత్తు కొలిచే బోర్డు ప్రతి రైడ్ దగ్గరా ఉంటుంది. పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలుచుకుని, ఏయే రైడ్లకి సరిపోతుందో వెబ్‌సైట్‌లో చూసి వెళ్తే లైన్‌లో గంట నిలబడి ఏడవడం తప్పుతుంది. ఐదేళ్ళ లోపు పిల్లలే ఉంటే అంత టికెట్ పెట్టి వెళ్ళడం దండగని నా అభిప్రాయం. సిటీ ఆక్వాటిక్ సెంటర్లు, డాలస్ సిటీ వాళ్ళ ‘కోవ్’ పూల్స్ లాంటివి చాలు.

ఇక్కడ భయం మునిగిపోవడం గురించే. అమెరికాలో 1–4 ఏళ్ళ పిల్లల మరణాలకి మొదటి కారణం అదే. మునిగే పిల్ల కేకలు పెట్టదు, చేతులు ఊపదు, అరనిమిషంలో చప్పుడు లేకుండా కిందికి పోతుంది. మన గుంపుల్లో ఇరవై మంది పెద్దవాళ్ళుంటారు, పిల్లల్ని ఎవరో చూస్తున్నారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అందుకని పేరు పెట్టి అప్పగించండి: “సురేష్ బావా, ఈ పావుగంట నువ్వు”. ఆ పావుగంటా ఆయన ఫోన్ బ్యాగులోనే ఉండాలి. లైఫ్‌గార్డ్ ఉన్నాడుగా అనుకోవద్దు, ఆ కుర్రాడు ఒక్కడే వందమందిని చూడాలి. చేతులకి తొడిగే గాలి బుడగలు బొమ్మలే గానీ రక్షణ కావు. కోస్ట్ గార్డ్ ఆమోదం అని ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ వేయండి, చాలా పార్కుల్లో ఉచితంగానే ఇస్తారు. స్విమ్ సూట్ నారింజ, నియాన్ పసుపు లాంటి రంగుల్లో కొనండి. నీలం, తెలుపు నీళ్ళలో కలిసిపోతాయి. వేవ్ పూల్‌లో అలల గంట మోగేముందే మోకాలి లోతుకి వచ్చేయాలి.

బట్టల దగ్గర మనవాళ్ళు గేటు దగ్గరే ఆగిపోతుంటారు. జీన్స్, లోహపు జిప్పులు, గుండీలు ఉన్నవి స్లైడ్ మీదికి రానివ్వరు. కాటన్ చుడీదార్, చున్నీ నీళ్ళు పీల్చి బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి. ఒళ్ళంతా కప్పుకోవాలంటే ఫుల్ స్లీవ్స్ రాష్ గార్డ్ (ఈత చొక్కా), స్విమ్ లెగ్గింగ్స్ దొరుకుతాయి, ఎండ నుంచీ కాపాడతాయి. నల్లపూసలు, మంగళసూత్రం, గాజులు, పాప పట్టీలు, బాబు వెండి మొలతాడు ఇంట్లోనే తీసి పెట్టండి. మొలతాడు స్విమ్ డైపర్ కింద కనపడదు, స్లైడ్ అతుకులో చిక్కుకున్నప్పుడే తెలుస్తుంది. సెంటిమెంట్ అడ్డొస్తే ఆ పూటకి ఎర్రదారం కట్టండి, లాగితే తెగుతుంది. పొడుగు జడలు ముడి వేసి టోపీలో పెట్టాలి. పూల్ అడుగున నీళ్ళు లాగే జాలీ దగ్గర జుట్టు చిక్కుకునే ప్రమాదం ఉంది. అలాంటి మరణాలయ్యాకే 2007లో ఆ జాలీల మీద దేశమంతటికీ చట్టం తెచ్చారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు నీళ్ళలోకి దిగరు, కాబట్టి వాళ్ళకేం కాదనుకుంటాం. వాళ్ళు కూర్చునేది 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో. ‘బెజవాడ ఎండలు చూసినవాళ్ళం’ అంటారు, బెజవాడలో మాత్రం మధ్యాహ్నం పూట తలుపులేసుకుని ఫ్యాన్ కింద పడుకునేవాళ్ళే. షుగర్ ఉన్నవాళ్ళ అరికాళ్ళకి స్పర్శ తగ్గి ఉండొచ్చు. కాంక్రీటు మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు వేస్తే కాలిన సంగతి కూడా తెలియదు, సాయంత్రం బొబ్బలు కనిపిస్తాయి. రబ్బరు నేల ఇంకా ఎక్కువ కాలుతుంది. ఇన్సులిన్ కారులో వదిలేయొద్దు, చల్లని బ్యాగులో ఐసు తగలకుండా వెంట ఉంచుకోండి. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రలు వాడేవాళ్ళకి ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. పార్కులో గొడుగుండదు కనక పదకొండు లోపు తిరిగొచ్చేలా వెళ్ళండి. విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఫోటో మీ ఫోన్‌లో ఉండాలి. మాట తడబడినా, అయోమయంగా చూసినా మజ్జిగ ఇస్తూ కూర్చోకుండా 911కి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేలోగా నీళ్ళతో ఒళ్ళు తడపండి.

తిండి: పెద్ద వాటర్ పార్కుల్లో చాలావాటిలో బయటి తిండి లోపలికి పోనివ్వరు, కూలర్ కారులోనే ఉంటుంది. 90 డిగ్రీలు దాటిన వేడిలో బయటున్న వండిన పదార్థం గంట దాటితే పారేయాలి. పులిహోరైనా సరే. పెరుగన్నం డబ్బాల మధ్యలో ఐస్ ప్యాక్‌లు పెట్టి తీసుకెళ్ళడమే దారి.

ఉరుము వినిపిస్తే వెంటనే నీళ్ళలోంచి బయటికి. చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి. టికెట్ డబ్బులు పోతున్నాయని పిల్లల్ని గేటు దగ్గరే నిలబెట్టొద్దు, భవనంలోకో కారులోకో వెళ్ళండి.

ఇంటికొచ్చాక సబ్బుతో స్నానం. ఆ రాత్రి ఆగకుండా దగ్గు, ఊపిరి ఎగపీల్చడం, విపరీతమైన నిద్రమత్తు ఉంటే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వాట్సాప్‌లో ఏటా తిరిగే ‘డ్రై డ్రౌనింగ్’ కథల్లోలా వారం తర్వాత ఉన్నట్టుండి ఏమీ కాదు. ఇక పైన చెప్పిన అమీబా సంగతి: తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం పన్నెండు రోజుల్లోపు కనిపిస్తే డాక్టరుకి నీళ్ళలో ఆడిన సంగతి మొదటి మాటగా చెప్పండి. క్రిప్టో అయితే రెండు నుంచి పది రోజుల్లో నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. మామూలు మల పరీక్షలో అది బయటపడకపోవచ్చు, క్రిప్టోకి ప్రత్యేకంగా పరీక్ష రాయమని అడగాలి. ఏడాది దాటిన పిల్లలకి నైటజాక్సనైడ్ అనే మందుంది. తేలితే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి ఏ రోజు, ఏ పార్కులో ఆడారో చెప్పండి. అదే రోజు అక్కడ ఆడిన మిగతా పిల్లల తల్లిదండ్రులకి కబురు వెళ్ళేది మీ ఫోన్ వల్లే.