ఊటీకి పరుగు సాధనకి పోతున్నారా? మొదటి పది రోజులు సగమే

మా గుంపులో కుర్రాడొకడు పోయిన నెల ఊటీ నుంచి చంకల కింద కర్రలతో దిగొచ్చాడు. ఎక్కడా పడలేదు, ఏ బండీ తగల్లేదు. నేను వెళ్ళేసరికి లాడ్జి మెట్లు పక్కకి తిరిగి దిగుతున్నాడు. కమ్మీ పట్టుకుని ముందు ఎడమ కాలు దించడం, తర్వాత కుడి కాలు తెచ్చి దాని పక్కన పెట్టడం, ఒక్కో మెట్టుకీ ఆగడం. "గజ్జల్లో పట్టేసిందన్నా, స్ట్రెచింగ్ చేస్తే పోద్ది" అన్నాడు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఎమ్మారై తీస్తే తొడ ఎముక మెడ దగ్గర, తుంటి కీలుకి కాస్త కింద, వెంట్రుకంత పగులు. అది లోపలి వైపు ఉంది కాబట్టి ఆరు వారాలు కర్రలతో సరిపెట్టారు. పై వైపు అయ్యుంటే స్క్రూలు బిగించాల్సి వచ్చేది.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో, లదాఖ్ మారథాన్ సెప్టెంబర్లో. రెండు మూడు వారాలు సెలవు పెట్టి కొండెక్కేవాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. స్వెట్టర్ తెచ్చుకోండి, మంచి బూట్లు వేసుకోండి లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. వీడిని కూలేసిన తప్పు ఒక్కటే, అదే చెప్తా. వీడికంటే ముందు ఇంకో ముగ్గుర్ని కూడా అదే కూలేసింది.

హైదరాబాదులో వారానికి 80 కిలోమీటర్లు చేసేవాడు. ఊటీలో మొదటి వారమే 118 కొట్టాడు. "చెమటే పట్టట్లేదన్నా, ఎంత పరిగెత్తినా ఇంకా పరిగెత్తాలనిపిస్తోంది" అని మెసేజ్ పెట్టాడు. నిజమే, అనిపిస్తుంది. ఏప్రిల్లో మనకి పొద్దున ఆరింటికే ఒళ్ళు కాలిపోతుంటే అక్కడ మధ్యాహ్నం కూడా 23 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎండ ఆపేది కదా మనల్ని? అక్కడ ఆపడానికి ఎండ లేదు. ఆపేవాళ్ళు లేకపోతే ఆగాల్సింది మనమే.

ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ వాటా తగ్గదు, గాలి ఒత్తిడే సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. మొదట్లో ఆయాసం వస్తుంది, గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. వారం పది రోజులకి ఊపిరి సర్దుకుంటుంది. అసలు మోసం అక్కడే ఉంది. ఊపిరి సర్దుకున్నంత తొందరగా ఎముక సర్దుకోదు. కొత్త బరువు పడితే ఎముక ముందు తన పాత భాగాన్ని తొలుచుకుంటుంది, తర్వాతే కొత్తది పోసుకుంటుంది. తొలవడం వారాల్లో అయిపోతుంది, నింపడానికి నెలలు పడుతుంది. రోడ్డు తవ్వేసి, కంకర పోయకముందే లారీలు వదిలితే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకే మొదటి పది రోజుల్లో చేసిన నిర్వాకం మూడో వారంలో బయటపడుతుంది. మావాడికి నొప్పి మొదలైంది పదిహేడో రోజున. అప్పటికి "నేను అలవాటు పడిపోయా" అని గుంపులో అందరికీ సలహాలు కూడా ఇస్తున్నాడు.

కాబట్టి మొదటి పది రోజులు సగమే. ఇంటి దగ్గర వారానికి 80 చేసేవాళ్ళు అక్కడ 40. మొదటి మూడు రోజులైతే నడక, మధ్యలో ముప్పై నిమిషాల జాగింగ్, అంతే. వాచీలో కిలోమీటర్లు చూడటం మానేసి నిమిషాలు చూడండి. ఊటీలో చదును అనేది సరస్సు చుట్టూ తప్ప పెద్దగా లేదు. అక్కడి పది కిలోమీటర్లూ నెక్లెస్ రోడ్డు పది కిలోమీటర్లూ ఒకటి కావు. కిలోమీటరుకి ముప్పై సెకన్లు ఎక్కువ పట్టినా పట్టనివ్వండి. ఇంటి లెక్క మూడో వారంలోనే అందుకోవాలి, అదీ నొప్పులేమీ లేకపోతేనే. దాన్ని దాటాలని ఉంటే ముందు ఇంటి దగ్గర దాటి చూపించండి. కొండకి వెళ్ళేది మైలేజీ పెంచడానికి కాదు. ఉన్న మైలేజీనే పల్చటి గాలిలో చేయడానికి.

"వారం రోజులే సెలవు దొరికింది, సగం చేస్తే ఏం లాభం?" అని అడుగుతారు. వారంలో రక్తంలో పెద్దగా ఏమీ మారదు. ఎర్ర కణాలు పెరగడమే కొండ లాభం, అవి లెక్కకొచ్చేంత పెరగాలంటే మూడు నాలుగు వారాలు పడుతుంది. వారానికైతే ఊటీ వెళ్ళి చల్లగా పరిగెత్తి, వర్కీ బిస్కెట్లు తిని, బొటానికల్ గార్డెన్ చూసి రండి. అది కూడా మంచిదే.

తిండి గురించి. బయల్దేరడానికి నెల ముందు ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ బాగానే ఉంది కదా అని ఊరుకోవద్దు. ఒంట్లో ఇనుము నిల్వ లేకపోతే కొండ మీద నెలరోజులున్నా కొత్త రక్తం పట్టదు. తక్కువుంటే డాక్టరు చెప్పినంతే మాత్ర వేసుకోవాలి, సొంతంగా మింగితే ఇనుము ఎక్కువై అదో రోగం. నీలగిరిలో అడుగడుక్కీ టీ దొరుకుతుంది. తాగండి, కానీ అన్నంతోనూ ఇనుము మాత్రతోనూ కాదు, గంట తేడా ఉంచండి. టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. కొందరికి మొదటి రోజుల్లో ఆకలి చచ్చిపోతుంది. ఆకలి లేకపోయినా తినాలి. బరువు తగ్గుతున్నామని మురిసిపోయేవాళ్ళ ఎముకలే ముందు పగులుతాయి. ఆడపిల్లలకి ఒక మాట: నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్ కాదు, తిండి చాలట్లేదని ఒళ్ళు చెప్తున్న మాట. పరుగు తగ్గించి డాక్టర్ని కలవండి.

దిగుడు గురించి. ఊటీ నుంచి కూనూరు పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు అంతా దిగుడే. చూడగానే కాళ్ళు లాగేస్తాయి, పేస్ అదిరిపోతుంది, ఫొటో పెట్టుకోవచ్చు. దిగేటప్పుడే ప్రతి అడుగుకీ కాళ్ళ మీద దెబ్బ ఎక్కువ. మావాడు ఆ దారిలో మొదటి వారం రెండుసార్లు దిగాడు. పదిహేను రోజులు దాటాక కూనూరు నుంచి పైకి ఎక్కండి. దిగడానికి బస్సుంది.

ఇక మిగతావి.

తెల్లారకుండా రోడ్డెక్కొద్దు. టీ తోటల్లో అడవిదున్నలు తిరిగే వేళ అది, కూనూరు, కోటగిరి వైపు ఎలుగుబంట్లు కూడా.

అడవిదున్న అడ్డొస్తే ఆగండి. పక్కనుంచి దూరిపోదాం అనుకోవద్దు. అది వెళ్ళేదాకా పావుగంటైనా సరే నిలబడండి, వాచీ ఆపుకుని.

చెవుల్లో పాటలొద్దు. వంపు తిరిగే బస్సు హారనే మీకు అద్దం.

లవ్‌డేల్ వైపు రైలు పట్టాలు చదునుగా ఉన్నాయని వాటి మీద పరిగెత్తొద్దు.

నీళ్ళు వెంట పట్టుకెళ్ళండి. ఆ జిల్లాలో చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం, దారిలో కొందాంలే అంటే దొరకవు. దాహం వేయట్లేదని తాగడం మానొద్దు.

చల్లగా ఉన్నా టోపీ పెట్టుకోండి. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో మాడ్చే కిరణాలు పెరుగుతాయి.

మధ్యాహ్నం ఉరుము వినపడితే వెనక్కి.

జాతీయ పరుగు శిక్షణ శిబిరం వాళ్ళు మైదానంలో కనిపిస్తే చూడండి, వెనక పడకండి. వాళ్ళకి నెలలుగా అదే పని.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని రెండు పరుగులు మొదటి పది రోజుల్లో లేవు. ఇంటర్వెల్స్ (ఆగి ఆగి వేగంగా పరిగెత్తడం) లేవు. దొడ్డబెట్ట శిఖరం ఎక్కడం లేదు. మొదటి పది రోజులు సగమే, ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తా.

నొప్పి మాత్ర మింగి పరిగెత్తొద్దు. ఒక్కటి కూడా.

నొప్పి నడిచేకొద్దీ తగ్గితే కండరం అయ్యుండొచ్చు. నడిచేకొద్దీ పెరిగినా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా, వేలితో నొక్కితే ఎముక మీద ఒకే చోట పొడిచినట్టున్నా, గజ్జల్లో లోపలెక్కడో లాగుతున్నా ఆ నిమిషమే పరుగు ఆపండి. తగ్గిందేమో చూద్దామని ఒంటికాలి మీద గెంతొద్దు. ఎక్స్‌రే బాగుందన్నా వదలకుండా ఎమ్మారై అడగండి. లాడ్జికి కుంటుకుంటూ నడవొద్దు, ఆటో పిలవండి.